రాత్రి 2 గంటలకు నడిచే స్క్రిప్ట్ లాగ్ ఎక్కడికి పోతోంది?

క్లుప్తంగా: చేత్తో నడిపితే స్క్రీన్ నిండా వరుసలు చూపించే స్క్రిప్ట్, నిర్ణీత వేళకు పనులు నడిపే షెడ్యూలర్‌కి అప్పగించాక ఖాళీ లాగ్ ఫైల్ (ఏం జరిగిందో వరుసలుగా రాసుకునే ఫైల్) మిగల్చడం సర్వర్లు చూసుకునేవారికి తరచూ ఎదురయ్యే చిక్కు. చాలాసార్లు లాగ్ రాసే కోడ్‌లో తప్పేమీ ఉండదు. వరుస స్క్రిప్ట్ నుంచి బయల్దేరి డిస్క్‌కి చేరేలోపు షెల్ (కమాండ్లను చదివి నడిపేది), బఫర్ (రాసే ముందు వరుసలు ఆగే మెమరీ), పైపు (ఒక ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ను మరోదానికి అందించేది), రొటేషన్ (పాత లాగ్‌ను పక్కకు జరిపి కొత్తది మొదలుపెట్టడం) అనే నాలుగు చోట్ల జారిపోవచ్చు. ఎక్కడ జారిందో పోయిన తీరే చెబుతుంది. ఫైల్ పూర్తిగా ఖాళీ అయితే ముందు షెల్‌ను చూడాలి. చివరి వరుసలు మాత్రమే లేకపోతే బఫర్‌ను, లాగ్‌లో విజయం అని ఉండి పని జరగకపోతే పైపును, ఫైల్ మొదట్లో చదవలేని సున్నా బైట్లు కనిపిస్తే రొటేషన్‌ను అనుమానించాలి.

## 2017 జనవరి 31న ఏం జరిగింది

లాగ్ చేరాల్సిన చోటికి చేరకపోతే ఎంత నష్టమో కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్ సంస్థ తానే బహిరంగంగా ప్రచురించిన నివేదిక చూపిస్తుంది. ఆ రోజు ఒక ఇంజనీరు పొరపాటున ప్రధాన డేటాబేస్ ఫోల్డర్‌ను తుడిచేశారు. బ్యాకప్ నుంచి తెచ్చుకుందామని చూస్తే అమెజాన్ ఎస్3 అనే క్లౌడ్ నిల్వలో పనికొచ్చే ఫైలే లేదు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6 మీద నడుస్తుంటే, బ్యాకప్ పని మాత్రం 9.2 నాటి పీజీ డంప్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్‌ను పిలుస్తోంది. వెర్షన్లు కుదరక అది ప్రతిసారీ ఎర్రర్‌తో ఆగిపోతోంది. ఆ ఎర్రర్‌ను క్రాన్ (లినక్స్ షెడ్యూలర్) మెయిల్‌లో పంపుతూనే ఉంది. అయితే క్రాన్ మెయిళ్లకు డీమార్క్ (పంపినవారు అసలువారేనని నిర్ధారించే పద్ధతి) అమరిక లేకపోవడంతో అందుకునే సర్వర్ వాటిని తిరస్కరించింది. సుమారు 6 గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణంలోని డిస్క్ నకలు) వల్ల పాత డేటా దక్కింది కానీ, ఆ 6 గంటల్లో వచ్చిన మార్పులు పోయాయి. సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 కామెంట్లు, 700 కొత్త ఖాతాలు దెబ్బతిన్నాయని ఆ సంస్థ లెక్క.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. బ్యాకప్ ప్రోగ్రామ్ తన ఎర్రర్‌ను తాను చెప్పింది. షెడ్యూలర్ దాన్ని పట్టుకుని పంపింది కూడా. చివరి అంచెలో మాత్రమే అది ఆగిపోయింది. మెయిల్ రాకపోవడాన్ని అందరూ అంతా బాగుంది అన్న అర్థంలో తీసుకున్నారు. ఆటోమేషన్‌లో లాగ్ గురించి ఏ నిర్ణయం తీసుకున్నా ఈ ప్రమాదాన్నే ముందు పెట్టుకోవాలి: పనిచేస్తున్న స్క్రిప్ట్ మౌనంగా ఉంటుంది, చచ్చిపోయిన స్క్రిప్టూ మౌనంగానే ఉంటుంది.

## టెర్మినల్ వేరు, క్రాన్ వేరు

లినక్స్‌లో ప్రతి ప్రోగ్రామూ మొదలయ్యేటప్పుడే మూడు దారులు తెరిచి ఉంటాయి. 0వది ఇన్‌పుట్, 1వది మామూలు అవుట్‌పుట్, 2వది ఎర్రర్ల అవుట్‌పుట్. టెర్మినల్‌లో 1, 2 రెండూ ఒకే స్క్రీన్ మీద పడతాయి కాబట్టి వాటి మధ్య తేడా కంటికి ఆనదు. షెడ్యూలర్ కింద ఆ స్క్రీన్ ఉండదు. చాలామంది `>>` గుర్తు పెట్టి లాగ్ ఫైల్ పేరు రాసి ఊరుకుంటారు. దానివల్ల 1వ దారి మాత్రమే ఫైల్‌లోకి మళ్లుతుంది. అసలు కావలసిన ఎర్రర్ వరుసలు 2వ దారిలోనే ఉండిపోయి క్రాన్ చేతికి పోతాయి. క్రాన్ వాటిని మెయిల్‌గా పంపాలని చూస్తుంది. సర్వర్‌లో మెయిల్ పంపే ప్రోగ్రామే లేకపోతే, ఉబుంటు, డెబియన్‌ల మీద ఆ అవుట్‌పుట్‌ను పారేశానని సిస్టమ్ లాగ్‌లో ఒక్క ముక్క రాసి వదిలేస్తుంది. ఈమధ్య క్లౌడ్‌లో తెరిచే సర్వర్లలో చాలావాటికి మెయిల్ ప్రోగ్రామ్ ఉండదు. అందువల్ల ఇది అరుదైన సంగతేమీ కాదు.

2వ దారిని కూడా ఫైల్‌లోకి పంపాలంటే `2>&1` జోడించాలి. దాన్ని ఎక్కడ జోడించామన్నది ముఖ్యం. షెల్ ఈ గుర్తులను ఎడమ నుంచి కుడికి చదువుతుంది. ఫైల్ పేరు తర్వాత `2>&1` రాస్తే, అప్పటికే 1వ దారి ఫైల్ వైపు తిరిగి ఉంటుంది కాబట్టి 2వది కూడా అటే పోతుంది. ముందు `2>&1` రాసి తర్వాత ఫైల్ పేరు పెడితే, 2వ దారి ఆ క్షణంలో 1వది చూపిస్తున్న పాత చోటికే అతుక్కుంటుంది. ఆ తర్వాత 1వది మాత్రమే ఫైల్‌కి మారుతుంది. ఎర్రర్లు మళ్లీ బయటే ఉండిపోతాయి.

రెండింటినీ కలిపి రాసే `&>` అనే పొట్టి గుర్తుతో ఇంకా పెద్ద చిక్కుంది. అది బాష్ షెల్‌కి తెలుసు. క్రాన్ మాత్రం మామూలుగా ఎస్‌హెచ్ షెల్‌ను పిలుస్తుంది. ఉబుంటు, డెబియన్‌లలో ఎస్‌హెచ్ అంటే డాష్. డాష్ ఆ గుర్తును రెండు ముక్కలుగా చదువుతుంది: కమాండ్‌ను బ్యాక్‌గ్రౌండ్‌లోకి పంపు, ఆ ఫైల్‌ను ఖాళీ చెయ్యి. చివరికి స్క్రిప్ట్ నడుస్తుంది, లాగ్ ఫైల్ ఏర్పడుతుంది, అందులో మాత్రం ఒక్క అక్షరం ఉండదు. పూర్తిగా ఖాళీ ఫైల్ కనిపించినప్పుడు ముందుగా చూడాల్సింది దీన్నే.

క్రాన్ పట్టీలో శాతం గుర్తు ఇంకో ఉచ్చు. రోజుకో లాగ్ ఫైల్ కావాలని డేట్ కమాండ్‌కి `%` గుర్తులిచ్చి ఫైల్ పేరు తయారుచేయడం మామూలు. క్రాన్‌లో `%` అంటే వరుస ముగిసిందని అర్థం. మొదటి `%` తర్వాత ఉన్నదంతా ఇన్‌పుట్‌గా మారి, కమాండ్ సగానికి తెగుతుంది. ప్రతి `%` ముందూ `\` పెట్టాలి. లేదా తేదీ కట్టే పనిని స్క్రిప్ట్ లోపలికి మార్చాలి. రెండోదే మేలు. క్రాన్ పట్టీలో ఎంత తక్కువ రాస్తే అంత తక్కువ విరుగుతుంది.

ఇక దారి, చోటు. క్రాన్ కింద పాత్ వేరియబుల్‌లో (ప్రోగ్రామ్‌ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) సాధారణంగా రెండే ఫోల్డర్లు ఉంటాయి. వాటి బయట ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రామ్‌ను పేరు పెట్టి పిలిస్తే దొరకదు. అప్పుడు వచ్చే ఎగ్జిట్ కోడ్ (ముగిసేటప్పుడు ప్రోగ్రామ్ ఇచ్చే సంఖ్య, 0 అంటే విజయం) 127. లాగ్ ఫైల్‌కి పూర్తి చిరునామా ఇవ్వకుండా పేరు మాత్రమే ఇస్తే, అది క్రాన్ కింద యూజర్ హోమ్ ఫోల్డర్‌లో పుడుతుంది. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో 'స్టార్ట్ ఇన్' గడిని ఖాళీగా వదిలేస్తే సిస్టమ్32 ఫోల్డర్‌లో పుట్టాలని చూస్తుంది. అక్కడ రాసే అనుమతి లేని ఖాతా అయితే లాగ్ తెరిచే వరుస దగ్గరే స్క్రిప్ట్ కూలిపోతుంది. కూలిందని రాయడానికి లాగ్ కూడా ఉండదు.

## బఫర్‌లో చిక్కుకున్న చివరి వరుసలు

లాగ్‌లో చివరి వరుస 1:40కి వచ్చిందనుకుందాం. స్క్రిప్ట్ 2:15కి చచ్చిపోయింది. మధ్యలో 35 నిమిషాలు అది ఏమీ చేయలేదా? చేసే ఉంటుంది. ఆ వరుసలు మెమరీ నుంచి బయటికి రాలేదంతే.

అవుట్‌పుట్ టెర్మినల్‌కి పోతుంటే ప్రోగ్రామ్‌లు వరుసకొకసారి బయటికి వదులుతాయి. అదే అవుట్‌పుట్‌ను ఫైల్‌కో పైపుకో మళ్లిస్తే, డిస్క్‌ను మాటిమాటికీ తట్టకుండా ఒక బఫర్ నిండేదాకా ఆగి ఒక్కసారిగా రాస్తాయి. ఆ బఫర్ సాధారణంగా 4 లేదా 8 కేబీ. వరుస సగటున 80 బైట్లు ఉంటే 8 కేబీ అంటే సుమారు 100 వరుసలు. ఒక్కో టేబుల్‌కి ఒక్కో వరుస రాస్తూ 60 టేబుళ్లు కాపీ చేసే స్క్రిప్ట్‌లో 8 కేబీ బఫర్ ఒక్కసారి కూడా నిండదు. పని మధ్యలో లాగ్ తెరిచి చూసేవారికి ఖాళీ ఫైలే కనిపిస్తుంది. స్క్రిప్ట్ సజావుగా ముగిస్తే చివర్లో అన్నీ ఒక్కసారే వచ్చి పడతాయి. మధ్యలో సిగ్నల్ 9తో (ప్రోగ్రామ్ అడ్డుకోలేని ఆపివేత ఆదేశం) చంపేస్తే, ఆ 60 వరుసలూ దాంతోపాటే పోతాయి. పైథాన్ స్క్రిప్ట్ సిగ్నల్ 15ను తానుగా పట్టుకోకపోతే మామూలు టెర్మినేట్‌తో కూడా ఇదే జరుగుతుంది. చాలామంది ఊహించని విషయమిది. చచ్చే ముందు రాసిన వరుసలే చావుకి కారణం చెప్పేవి, సరిగ్గా అవే దొరకవు.

దీనికి మందు భాషను బట్టి మారుతుంది. పైథాన్‌లో ప్రింట్‌తో లాగ్ రాస్తుంటే ఇంటర్‌ప్రెటర్‌కి బఫర్ వద్దని చెప్పే యూ (-u) ఆప్షన్ ఇవ్వాలి, లేదా అదే అర్థమున్న పైథాన్ అన్‌బఫర్డ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టాలి. పైథాన్‌తో వచ్చే లాగింగ్ మాడ్యూల్ ప్రతి వరుస తర్వాతా తానే ఫ్లష్ చేస్తుంది, అంటే బఫర్‌ను ఖాళీ చేసి బయటికి పంపుతుంది. ప్రింట్‌ను వదిలి దాన్ని వాడాలనడానికి ఇదొక్క కారణమే చాలు. బాష్ స్క్రిప్ట్‌లో ఎకో అక్కడికక్కడే రాస్తుంది, దాంతో ఇబ్బంది లేదు. ఇబ్బంది మధ్యలో పెట్టే గ్రెప్ (వరుసలు వెతికేది), సెడ్ (వరుసలు మార్చేది) లాంటివాటితో. అవి పైపులో ఉన్నప్పుడు బఫర్ చేస్తాయి. గ్రెప్‌కి వరుసకొకసారి వదలమనే ఆప్షన్ ఉంది. సొంత ఆప్షన్ లేనివాటికి, అవి సీ లైబ్రరీ బఫర్‌నే వాడుతుంటే, ఎస్‌టీడీబఫ్ అనే కమాండ్‌ను ముందు చేర్చవచ్చు.

మామూలు అవుట్‌పుట్, ఎర్రర్లు ఒకే ఫైల్‌కి పోతున్నప్పుడు బఫర్ వల్ల వరుసల క్రమం కూడా తారుమారవుతుంది. ఎర్రర్లు త్వరగా బయటపడతాయి, మామూలు వరుసలు వెనకబడతాయి. దాంతో ఎర్రర్ వచ్చాక పని మొదలైనట్టు లాగ్ కనిపిస్తుంది. ఎవరు ముందో తేల్చేది వరుసలోని టైమ్ మాత్రమే, ఫైల్‌లో దాని స్థానం కాదు.

ఫ్లష్ చేసినా వరుస చేరేది కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) మెమరీ దాకానే. అది డిస్క్ మీద పడటానికి లినక్స్ డిఫాల్ట్ అమరికల్లో 30 సెకన్ల వరకు పట్టవచ్చు. ప్రోగ్రామ్ చస్తే నష్టం లేదు, కరెంటు పోతే ఆ కొద్ది సెకన్లు పోతాయి. దాన్ని కూడా కాపాడాలంటే ప్రతి వరుసకూ ఎఫ్‌సింక్ (వెంటనే డిస్క్ మీద రాయించడం) చేయాలి. అది చాలా నెమ్మది. బ్యాకప్, రిపోర్టు లాంటి పనులకు అంత అవసరం లేదు. మొదలు, ముగింపు వరుసలకు చేస్తే సరిపోతుంది.

## పైపులో చివరివాడి మాటే చెల్లుతుంది

డేటాబేస్ బ్యాకప్‌కి బాగా వాడుకలో ఉన్న పద్ధతి మై ఎస్‌క్యూఎల్ డంప్ అవుట్‌పుట్‌ను పైపులో ఫైళ్లను కుదించే జీజిప్‌కి పంపి ఫైల్‌గా దాచడం. పాస్‌వర్డ్ మారిపోయి డంప్ మొదటి క్షణంలోనే విఫలమైందనుకోండి. జీజిప్‌కి ఒక్క బైటు కూడా రాలేదు. అయినా ఖాళీ ఇన్‌పుట్‌ను చక్కగా కుదించి 20 బైట్ల ఫైల్ తయారుచేసి, ఎగ్జిట్ కోడ్ 0 ఇస్తుంది. షెల్ పైపు మొత్తానికి చివరి కమాండ్ కోడ్‌నే ఫలితంగా తీసుకుంటుంది. స్క్రిప్ట్ ఆ 0 చూసి బ్యాకప్ విజయవంతం అని లాగ్‌లో రాస్తుంది. రోజూ తేదీ వేసుకుని ఒక ఫైల్ పుడుతూనే ఉంటుంది. ప్రతి ఫైలూ 20 బైట్లే.

లాగ్‌ను స్క్రీన్ మీదా ఫైల్‌లోనూ చూడాలని టీ కమాండ్ పెట్టినప్పుడూ జరిగేది ఇదే. స్క్రిప్ట్ విఫలమైనా టీ మాత్రం 0తోనే బయటికొస్తుంది. బాష్‌లో పైప్‌ఫెయిల్ అమరిక పెడితే పైపులో ఎవరు విఫలమైనా ఆ కోడ్ పైకి వస్తుంది. అయితే డాష్ పాత వెర్షన్లకు ఈ అమరిక తెలియదు. కాబట్టి స్క్రిప్ట్ మొదటి వరుసలో బాష్ అని స్పష్టంగా రాయాలి.

కోడ్ ఒక్కదాన్నే నమ్మకుండా, తయారైన ఫైల్‌ను కూడా చూసి ఫలితాన్ని లాగ్‌లో రాయడం ఇంకా గట్టి పద్ధతి. మై ఎస్‌క్యూఎల్ డంప్ పూర్తయితే, కామెంట్లను ఆపకుండా ఉన్నంతవరకు, చివరి వరుసలో డంప్ ముగిసిందని తేదీతో సహా రాస్తుంది. పోస్ట్‌గ్రెస్ మామూలు టెక్స్ట్ డంప్ కూడా ముగింపులో అలాంటి వరుసే పెడుతుంది. కుదించిన ఫైల్‌ను విప్పి ఆ వరుస ఉందో లేదో చూడటం స్క్రిప్ట్‌కి పెద్ద పనేమీ కాదు. ఫైల్ పరిమాణాన్ని నిన్నటిదానితో పోల్చి, బాగా తగ్గితే హెచ్చరిక రాయించవచ్చు. ఎంత తగ్గితే హెచ్చరించాలన్నది ఆ డేటాబేస్ తీరును బట్టి ఉంటుంది. రోజూ పెరిగే డేటాబేస్‌కి ఐదో వంతు తగ్గుదల కూడా అనుమానించదగ్గదే.

ఎగ్జిట్ కోడ్‌ను సంఖ్యగానే లాగ్‌లో రాయాలి. 'విఫలం' అన్న ఒక్క మాట సరిపోదు. 126 అంటే ఫైల్ ఉంది, నడిపే అనుమతి లేదు. 124 అంటే టైమ్‌అవుట్ కమాండ్ గడువు దాటిందని ఆపింది. 128 కంటే పెద్ద సంఖ్య వస్తే అందులోంచి 128 తీసేస్తే మిగిలేది చంపిన సిగ్నల్. 137 అంటే సిగ్నల్ 9. మెమరీ చాలక కెర్నల్ చంపిందా అని వెంటనే కెర్నల్ లాగ్‌లో వెతకవచ్చు. సంఖ్య ఉంటే ఐదు నిమిషాల్లో తేలేది, లేకపోతే రాత్రంతా పడుతుంది.

## వరుసలో ఏం ఉండాలి

పాతకాలపు కొట్లలో చిట్టా రాసేవారు తేదీ, పేరు, మొత్తం లేకుండా పద్దు వేసేవారు కాదు. లాగ్ వరుస కూడా పద్దే. ఉదాహరణకు:

2026-03-14T02:00:01+05:30 సమాచారం రన్=31877 మొదలు డేటాబేస్=బిల్లింగ్ ఖాళీ=41జీబీ
2026-03-14T02:07:44+05:30 సమాచారం రన్=31877 డంప్ పూర్తి బైట్లు=1893402112 సెకన్లు=463
2026-03-14T02:07:46+05:30 ఎర్రర్ రన్=31877 కాపీ విఫలం గమ్యం=బ్యాకప్2 సిస్టమ్‌కోడ్=28
2026-03-14T02:07:46+05:30 ఎర్రర్ రన్=31877 ముగింపు కోడ్=1 సెకన్లు=465

ఏడాది, నెల, రోజు వరుసలో తేదీ రాస్తే అక్షరక్రమమే కాలక్రమం అవుతుంది. నెల ముందా రోజు ముందా అన్న అనుమానం ఉండదు. చివర ఉన్న +05:30 అలంకారం కాదు. క్లౌడ్ సర్వర్లు ఎక్కువగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) నడుస్తాయి. హైదరాబాద్‌లో తెల్లవారుజాము 2 గంటలంటే యూటీసీలో ముందురోజు రాత్రి 8:30. అంటే 14వ తేదీ బ్యాకప్ లాగ్, ఫైల్ పేరులో 13వ తేదీతో కనిపిస్తుంది. అమెరికా సర్వర్లను ఇక్కడి నుంచి చూసుకునేవారికి ఇంకో చిక్కు. స్థానిక సమయంలో రాస్తే, అక్కడ నవంబరు మొదటి ఆదివారం రాత్రి 1 నుంచి 2 వరకు గంట రెండుసార్లు వస్తుంది. మార్చి రెండో ఆదివారం 2 నుంచి 3 వరకు గంటే ఉండదు. ఆ గంటలో పెట్టిన పని, దాని లాగ్ రెండూ గందరగోళంలో పడతాయి. యూటీసీలో రాసి, చదివేటప్పుడు మార్చుకోవడం మంచిది. స్థానిక సమయమే కావాలంటే ఎంత తేడానో వరుసలోనే రాయాలి.

రన్ సంఖ్య ఎందుకంటే, నిన్నటి పని ముగియకముందే ఇవాళ్టిది మొదలైతే రెండింటి వరుసలూ ఒకే ఫైల్‌లో కలిసిపోతాయి. ప్రాసెస్ సంఖ్యను రన్ సంఖ్యగా వాడితే ఏది ఎవరిదో విడదీయవచ్చు. అసలు రెండూ కలిసి నడవకుండా ఎఫ్‌లాక్ కమాండ్‌తో తాళం వేయడం మరీ మంచిది. తాళం దొరక్క వెనుదిరిగినప్పుడు ఆ సంగతి కూడా లాగ్‌లో పడాలి. లేదంటే ఆ రోజు పని ఎందుకు జరగలేదో ఎవరికీ తెలియదు.

తీవ్రత స్థాయిల విషయంలో పైథాన్ లాగింగ్‌కి ఐదున్నాయి: డీబగ్ 10, ఇన్ఫో 20, వార్నింగ్ 30, ఎర్రర్ 40, క్రిటికల్ 50. డిఫాల్ట్‌గా రూట్ లాగర్ వార్నింగ్ దగ్గర మొదలవుతుంది. ఇన్ఫో వరుసలు రావడం లేదన్న ఫిర్యాదుకి సగం కారణం ఇదే. మిగతా సగం బేసిక్ కాన్ఫిగ్ ఫంక్షన్. వేరే లైబ్రరీ ఏదైనా ముందే హ్యాండ్లర్ (వరుసలు ఎక్కడికి పోవాలో చూసేది) పెట్టేసి ఉంటే ఇది ఏమీ చేయకుండా మౌనంగా వెనుదిరుగుతుంది. 3.8 వెర్షన్ నుంచి వచ్చిన ఫోర్స్ అనే పారామీటర్ ఇస్తే పాతవాటిని తీసేసి కొత్తది పెడుతుంది.

## తెలుగు పేర్లు లాగ్‌లోకి వస్తే

పేర్లు, ఊళ్లు, పథకాల వివరాలు తెలుగులో ఉన్న డేటాను నడిపే స్క్రిప్టుల్లో ఈ ఇబ్బంది తప్పదు. యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) తెలుగు కోడ్ ఒక్కొక్కటీ 3 బైట్లు. రాజమహేంద్రవరం అన్న మాటలో 13 కోడ్‌లు, అంటే 39 బైట్లు. లాగ్ పరిమాణం అంచనా వేసేటప్పుడు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి.

అసలు సమస్య విండోస్‌లో. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న పైథాన్ వెర్షన్లు అక్కడ ఎన్‌కోడింగ్ చెప్పకపోతే సిస్టమ్ కోడ్ పేజీని (అక్షరాలకు సంఖ్యలిచ్చే పాత పట్టిక) తీసుకుంటాయి. పాశ్చాత్య భాషల 1252 కోడ్ పేజీలో తెలుగుకి చోటు లేదు. లాగింగ్ మాడ్యూల్ అలాంటి వరుసను రాయలేకపోతే స్క్రిప్ట్‌ను ఆపదు. ఎర్రర్ల దారిలో ఒక ఫిర్యాదు వదిలి ముందుకు సాగుతుంది. ఆ దారిని ఎవరూ పట్టుకోకపోతే తెలుగు పేరున్న వరుసలు మాత్రమే లాగ్‌లోంచి మాయమవుతాయి. ఫైల్ తెరిచే చోట యూటీఎఫ్-8 అని రాస్తే సమస్య తీరిపోతుంది.

విండోస్ పవర్‌షెల్ 5.1లో `>>` గుర్తు యూటీఎఫ్-16లో రాస్తుంది. అంతకుముందు బ్యాచ్ ఫైల్ మామూలుగా రాసిన లాగ్‌కే పవర్‌షెల్ వరుసలు చేర్చితే, సగం ఫైల్ ఒక పద్ధతిలో, సగం మరో పద్ధతిలో ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాల మధ్య సున్నా బైట్లు దూరుతాయి. అక్కడ 'ఎర్రర్' అన్న ఇంగ్లిష్ మాట కోసం వెతికితే, కంటికి కనిపిస్తున్నా దొరకదు. పవర్‌షెల్ 6 నుంచి డిఫాల్ట్ యూటీఎఫ్-8కి మారింది.

## ఫైల్ పెరిగిపోతే

సెకనుకి 10 వరుసలు, వరుసకి 150 బైట్లు అనుకుంటే రోజుకి సుమారు 130 ఎంబీ, ఏడాదికి 47 జీబీ. ఇది మామూలు రోజుల లెక్క. కనెక్షన్ తెగినప్పుడు ఆగకుండా మళ్లీ ప్రయత్నించే లూప్ సెకనుకి 20,000 వరుసలు రాయగలదు. అది గంటకు 10.8 జీబీ. డిస్క్ నిండాక లాగ్ ఒక్కటే ఆగదు, అదే డిస్క్ మీద ఉన్న డేటాబేస్ కూడా ఆగుతుంది. లాగ్‌లకు వేరే పార్టిషన్ ఇవ్వడం, మళ్లీ ప్రయత్నించే ముందు విరామం పెంచుకుంటూ పోవడం ఈ రెంటినీ తప్పిస్తాయి.

పాత లాగ్‌ను పక్కకు జరిపి కొత్తది మొదలుపెట్టే పనిని లాగ్‌రొటేట్ చేస్తుంది. ఇందులో తికమక పెట్టేది ఒకటే: తెరిచి ఉన్న ఫైల్‌ను ప్రోగ్రామ్ పేరుతో కాకుండా ఐనోడ్‌తో (డిస్క్ మీద ఫైల్‌కి ఉండే అంతర్గత గుర్తు) పట్టుకుని ఉంటుంది. పేరు మార్చినా అది పాత ఫైల్‌కే రాస్తూ ఉంటుంది. క్రాన్‌లో వచ్చి పోయే స్క్రిప్ట్‌కి దీనివల్ల నష్టం లేదు, తర్వాతి రన్ కొత్త ఫైల్ తెరుస్తుంది. రొటేషన్ సమయంలో నడుస్తున్న రన్ ఒక్కటే పాత ఫైల్‌కి రాస్తుంది. వెంటనే కుదించకుండా తర్వాతి విడతకు వాయిదా వేసే డిలే కంప్రెస్ అమరిక ఉన్నది అందుకే. రోజుల తరబడి ఆగకుండా నడిచే ప్రోగ్రామ్ అయితే రొటేషన్ అయ్యాక ఫైల్‌ను మళ్లీ తెరవమని సిగ్నల్ ఇవ్వాలి.

అలా తెరవలేని ప్రోగ్రామ్‌లకు కాపీ ట్రంకేట్ పద్ధతి ఉంది. ఫైల్‌ను కాపీ చేసి, అసలుదాన్ని సున్నా చేస్తుంది. కాపీకీ సున్నాకీ మధ్య వచ్చిన వరుసలు పోతాయి. ఇంకో చిక్కు ఏమిటంటే, ప్రోగ్రామ్ లాగ్‌ను `>>`తో కాకుండా `>`తో తెరిచి ఉంటే, ఫైల్ సున్నా అయిన సంగతి దానికి తెలియదు. తాను ఆపిన చోటి నుంచే, ఉదాహరణకు 900 ఎంబీ దగ్గర నుంచే, రాయడం కొనసాగిస్తుంది. ముందున్న ఖాళీ అంతా సున్నా బైట్లుగా కనిపిస్తుంది. పరిమాణం 900 ఎంబీ అని చూపించినా డిస్క్ మీద అంత చోటు పట్టదు. గ్రెప్ దాన్ని బైనరీ ఫైల్ అనుకుంటుంది. `>>` పెట్టి ఉంటే ప్రతి వరుసా ఫైల్ చివరికే పోతుంది కాబట్టి ఇది జరగదు.

డిస్క్ నిండిందని కంగారులో లాగ్‌ను డిలీట్ చేస్తే చోటు తిరిగి రాదు. ప్రోగ్రామ్ దాన్ని పట్టుకుని ఉన్నంతకాలం కెర్నల్ ఆ చోటును వదలదు. డిస్క్‌లో ఖాళీ చూపే డీఎఫ్ కమాండ్ నిండిందని చెబుతుంది, ఫైళ్ల పరిమాణాలు చూపే డీయూ కూడితే అంత లెక్క రాదు. ఎల్‌ఎస్‌ఓఎఫ్‌తో డిలీట్ అయినా తెరిచి ఉన్న ఫైళ్లను చూడవచ్చు. నడుస్తున్న లాగ్‌ను డిలీట్ చేయకుండా ట్రంకేట్ చేయాలి.

రన్‌కి ఒక ఫైల్ పెట్టుకునే పద్ధతిలో ఈ గొడవలేవీ ఉండవు. రోజుకోసారి నడిచే పనికి అదే సులువు: ఏడాదికి 365 ఫైళ్లు. 5 నిమిషాలకోసారి నడిచే పనికి మాత్రం ఏడాదికి 1,05,120 ఫైళ్లు అవుతాయి. రెండు వరుసలున్న ఫైల్ కూడా మామూలుగా 4 కేబీ బ్లాక్ తీసుకుంటుంది. అలాంటిచోట ఒకే ఫైల్, రొటేషన్ మేలు. పైథాన్ రొటేటింగ్ హ్యాండ్లర్ వాడేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. పరిమాణం, కాపీల సంఖ్య రెండింటి డిఫాల్టూ 0, అంటే ఏవీ ఇవ్వకపోతే రొటేషన్ జరగనే జరగదు. ఒకే ఫైల్‌కి రెండు ప్రాసెస్‌లు రాస్తుంటే దాన్ని వాడకూడదు. విండోస్‌లో అయితే అవతలి ప్రాసెస్ ఫైల్‌ను పట్టుకుని ఉన్నందుకు పేరు మార్చే దగ్గరే ఎర్రర్ వస్తుంది.

ఎన్నాళ్లు ఉంచాలన్నదానికి మన దేశంలో చట్టపరమైన కోణం ఉంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు, డేటా సెంటర్లు, ప్రభుత్వ సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు ఉంచాలి. సర్వర్ గడియారాలను నిర్దేశించిన ఎన్‌టీపీ (సరైన సమయం అందించే) సర్వర్లతో సరిచూసుకోవాలి. ఉబుంటు, డెబియన్‌లలో లాగ్‌రొటేట్ డిఫాల్ట్ వారానికొకటి చొప్పున 4 కాపీలు. అది సుమారు నెల రోజులకే సరిపోతుంది. 180 రోజులకు 26 వారాలు కావాలి.

## రాయకూడనివి

2018 మే నెలలో ట్విటర్ తన వినియోగదారులందరినీ, సుమారు 33 కోట్ల మందిని, పాస్‌వర్డ్ మార్చుకోమని కోరింది. పాస్‌వర్డ్‌ను హ్యాష్ చేసే (గుర్తుపట్టలేని రూపానికి మార్చే) లోపే అది అంతర్గత లాగ్‌లో పడుతున్నట్టు తేలడమే కారణం. చిన్న స్క్రిప్టుల్లో ఈ పొరపాటు బాష్ ట్రేస్ అమరిక ద్వారా వస్తుంది. ప్రతి కమాండ్‌నూ, విలువలు నింపి మరీ, లాగ్‌లో చూపిస్తుంది కాబట్టి పాస్‌వర్డ్ కూడా కనిపిస్తుంది. రహస్యాలు ఉన్న వరుసల ముందు ట్రేస్ ఆపాలి. లాగ్ ఫైల్ అనుమతులు 640కి (యజమాని చదివి రాయవచ్చు, గ్రూపు చదవవచ్చు, ఇతరులకు ఏమీ లేదు) మించకూడదు. బయటినుంచి వచ్చిన పేరును లాగ్‌లో రాసేటప్పుడు అందులోని కొత్త వరుస గుర్తులను తీసేయాలి. లేకపోతే ఎవరైనా తమ పేరులోనే ఒక దొంగ లాగ్ వరుసను ఇమిడ్చి పంపవచ్చు.

## మౌనాన్ని ఎవరు గమనిస్తారు

బాష్‌లో ఎగ్జిట్ ట్రాప్ పెడితే స్క్రిప్ట్ ఎక్కడ ఆగినా కోడ్‌తో సహా ముగింపు వరుస రాస్తుంది. సిగ్నల్ 9కి మాత్రం ట్రాప్ పనిచేయదు. అందుకే మొదలు వరుస కూడా తప్పనిసరి. మొదలు ఉండి ముగింపు లేకపోతే బయటివారు చంపారనో, సర్వర్ ఆగిందనో, ఇంకా నడుస్తోందనో అర్థం. మొదలు కూడా లేకపోతే షెడ్యూలరే పిలవలేదనో, లాగ్ తెరవడమే కుదరలేదనో అర్థం. లాగ్ చదివే మనిషికి ఈ రెండు వరుసలే సగం జవాబు.

చదివే మనిషి లేనప్పుడు? పని నిజంగా పూర్తయి, ఫైల్ తనిఖీ కూడా నెగ్గాకే స్క్రిప్ట్ ఒక గుర్తు ఫైల్ తేదీని తాజా చేయాలి. దాన్ని వేరే సర్వర్ నుంచి నడిచే చిన్న పని గంటకోసారి చూడాలి. రోజువారీ బ్యాకప్‌కి గుర్తు వయసు 26 గంటలు దాటితే హెచ్చరిక పంపాలి. 24కి బదులు 26 ఎందుకంటే, ఒకరోజు పని కాస్త ఆలస్యమైనా ఊరికే గోల చేయకుండా. గిట్‌ల్యాబ్ ఘటనలో విఫలమైతే చెప్పే ఏర్పాటు ఉంది. విజయం అందకపోతే చెప్పే ఏర్పాటు ఉండి ఉంటే, మెయిల్ దారి మూసుకుపోయినా గుర్తు పాతబడిన సంగతి వేరే దారిలో బయటపడేది.

ఈ ఏర్పాటు పనిచేస్తోందో లేదో చూడటానికి నాలుగు పరీక్షలు చాలు, అన్నీ షెడ్యూలర్ కిందే చేయాలి. డేటాబేస్ పాస్‌వర్డ్ తప్పుగా ఇవ్వడం, నడుస్తుండగా సిగ్నల్ 9తో చంపడం, లాగ్ ఫోల్డర్‌ను 10 ఎంబీ తాత్కాలిక డిస్క్ మీద పెట్టి నింపడం, క్రాన్ పట్టీలో ఆ వరుసను ఒకరోజు తీసేయడం. మొదటిదానికి లాగ్‌లో కోడ్‌తో ఎర్రర్ రావాలి. రెండోదానికి ముగింపు లేని మొదలు వరుస మిగలాలి. మూడు, నాలుగింటికి లాగ్‌లో ఏమీ దొరకకపోవచ్చు. హెచ్చరిక మాత్రం 26 గంటల గడువు దాటిన గంటలోపు రావాలి.